సూది అడిగిన చెయ్యి

ఆ నవ్వడం ఆపి ఇలా దగ్గరకొచ్చి సరిగ్గా కూర్చోవే అమ్మడూ, చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యి, మధ్యలో నీ సొంత తెలివి కలపకు. పొద్దున నాకు ఫోన్లో చూపించావే, పాత సినిమాలో పిచ్చాసుపత్రిలో ఉన్న ఒకావిడ చెయ్యి చాపి నిలబడితే కింద ‘పెళ్లాం ఏటీఎం కార్డు అడిగితే’ అని రాసి, వెనకాల పకపకలు అతికించారే, అది చూసినప్పటినుంచీ నాకు ఒళ్లు మండిపోతోంది. ఆవిడ అడిగింది కార్డు కాదు, సూది.

సినిమా పేరు చెప్పక్కర్లేదు, నా ఈడువాళ్లకి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. పోస్టరు మీద పూలతోట చూసి కుటుంబ కథే అనుకుని, కొల్లేటి పక్క మా ఊరినుంచి బస్సెక్కి ఏలూరొచ్చి మ్యాట్నీకి వెళ్లాం, నాయనమ్మా, అమ్మా, నేనూ, మా పిన్నీ. పిన్ని అంటే అమ్మ చెల్లెలు, మనసు బాగోక కొన్నాళ్లు అలాంటి ఆసుపత్రిలోనే ఉండి, నయమయ్యాక మా ఇంటికొచ్చింది. నయమైందని డాక్టరుగారు చెప్పినా నాయనమ్మకి నమ్మకం కుదర్లేదు, పిన్ని చేతికి అందకుండా కత్తిపీట తన గదిలోనే పెట్టుకునేది.

అప్పట్లో సినిమాల్లో పిచ్చిదంటే జుట్టు విరబోసుకుని, కుండలు పగలగొట్టి, విరగబడి నవ్వాలి. ఈ సినిమాలో ఆవిడ అవేమీ చెయ్యలేదు. శుభ్రంగా జడ వేసుకుని వచ్చి, జాకెట్టు హుక్కు ఊడింది, కుట్టుకుంటానని నర్సుని సూది అడిగి చెయ్యి చాపింది, అంతే. ఏడవలేదు, బతిమాలలేదు, నర్సు తటపటాయిస్తున్నకొద్దీ ఆ వేళ్లు మాత్రం కాస్త కాస్త వాలిపోయాయి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నటనంటే అదీ. డైరెక్టరు ఎవరోగానీ మహానుభావుడు, అక్కడ వీణలూ పెట్టలేదు, ఫిడేళ్లూ పెట్టలేదు, పైన ఫ్యాను కిర్రుమంటుంటే మనల్ని ఆ చెయ్యి చూస్తూ కూర్చోమన్నాడు. చివరికి నర్సు సూదిచ్చి, వెనక్కి తిరిగి మంచాల మీద పక్కలు సర్దుకోవడంలో పడిపోయింది. పిన్ని నా చెవి దగ్గరకొచ్చి, “నర్సు కాపలా కాయలేదే, చూశావా” అంది. మా నాయనమ్మయితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, బస్సులో దారిపొడుగునా ఆ పిల్లని తలుచుకుని, అయ్యో పాపం, ఒక్క సూదికి అంత పరీక్షేమిటమ్మా అంటూనే ఉంది.

మర్నాడు పొద్దున నాయనమ్మ కత్తిపీట తెచ్చి వంకాయలు తరగబోతుంటే పిన్ని వచ్చి ఆవిడ ముందు చెయ్యి చాపింది. “ఇలా ఇవ్వండత్తయ్యగారూ, నేను తరుగుతాను” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది, నిన్న హాల్లో అంతలా ఏడ్చిన మనిషి కదా, ఇవ్వకేం చేస్తుందనుకున్నాను.

“అది మొద్దుబారిపోయిందమ్మా, నువ్వు హాయిగా ఈ చిక్కుళ్లకి ఈనెలు తీసుకో” అని బుట్ట తెచ్చి ఆ చేతిలో పెట్టింది నాయనమ్మ.

ఎంత మెత్తగా అందనుకున్నావు! అరిచినా బాగుండేది, ఎదురు చెప్పడానికి ఒక మాటైనా దొరికేది. అంత మర్యాదగా అబద్ధం చెబితే ఎవరేమంటారు, అమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసుకుంటూ కూర్చుంది. పిన్ని బుట్ట తీసుకుని ఓ మూల కూర్చుని ఈనెలు తీసింది, బతికినన్నాళ్లూ ఇంక ఏదీ అడగలేదు. తెర మీద పిల్లకోసం అన్ని కన్నీళ్లు కార్చినావిడ, ఇంట్లో పిల్లకి కత్తిపీట ఇవ్వలేకపోయిందంటే నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ల మీద కోపమేంటంటావు, పోతే మాత్రం!

ఇప్పుడు మన వీధి చివర టీచరమ్మ లేదూ, మనసు కుదురుగా ఉండటానికి రోజూ మాత్రలు వేసుకుంటానని తనే చెప్పుకుంటుంది, బండి మీద తాడేపల్లిగూడెం వెళ్లి పాఠాలు చెప్పొస్తుంది, వచ్చి తన కూర తనే తరుక్కుంటుంది, అడ్డం పడేవాళ్లు లేరు. కాలం మారింది, సంతోషమే, కానీ ఆవిణ్ణి చూసినప్పుడల్లా అనిపిస్తుంది, మా పిన్నికి కూడా ఎవరైనా ఒక్కరు, ఒక్క పూట, కత్తిపీట చేతికిచ్చి వెనక్కి తిరిగి... ఆఁ, వస్తున్నానే కోడలా, వడ్డించెయ్, ఇదిగో ఈ ఒక్క ముక్కా చెప్పేసి, ఒక్క పూట గనక