ఎల్లం గౌడ్ ఇచ్చిన తీపి కల్లు

ఆ సాయంత్రం ఎల్లం గౌడ్ కల్లు పట్టే లొట్టి లోపల సున్నం పూసి ఈతచెట్టుకు కట్టాడు. సున్నం పూస్తే కల్లు పులవదు, తీపిగానే ఉండిపోతుంది. మెదక్‌లో అతని దుకాణానికి వచ్చేవాళ్లెవరూ అలాంటిది తాగరు. అది వర్షిత కోసం.

వర్షిత హైదరాబాద్‌లో పరిశోధన చేసే అమ్మాయి. చేతులకు గ్లౌజులు, ఐసు డబ్బా, సీలు వేసే చిన్న సీసాలతో ఆ పొద్దున్నే దిగి, కల్లు శాంపిల్ కావాలంది. ఎల్లం ఆమెను అనుమానంగా చూశాడు. ఆబ్కారీ వాళ్లు కూడా సీసాలోనే పడతారు, సీలే వేస్తారు. ఎవరో కల్లులో కలిపిన మత్తుమందుకు పోయినేడు అతని తోడల్లుడి లైసెన్సు ఊడింది.

"గా సీసాల ఏం చూస్తరు మేడం?"

"ఈస్ట్ కాకా. కల్లును పులిపించేది, బేకరీల బ్రెడ్డును పొంగించేది ఒక్కటే. దానికి ఆరు వేల దాకా జన్యువులుంటయి. మనిషి జన్యువులతోని మస్తు పోలిక. అందుకే మన రోగాల సంగతి ముందు దాంట్ల చూస్తరు. బేకరీ ఈస్ట్‌ది ఎప్పుడో చదివిండ్రు. నేను చెట్టు మీదిది చదవాలె."

"మనిషికి, కల్లుకు చుట్టరికమా?"

"తాగేటోళ్లను అడుగు, చెప్తరు," అంది గ్లాసులు కడుగుతున్న అతని భార్య దుర్గమ్మ.

ఎల్లం నవ్వలేదు. నిషా లేని కల్లు ఇస్తే ఏ కేసూ కాదనుకున్నాడు. తెల్లారి వర్షిత ఆ తీపి కల్లే పట్టుకుపోయింది.

వారానికి మళ్లీ వచ్చింది. "కాకా, ఈస్ట్ పెరగలే. సీసాల సున్నం ఉన్నది. ఏమన్న కలిపినరా?"

కలిపినరా! ఎల్లం భయపడింది ఆ మాటకే. తప్పించుకుందామని చేసిన పనే కాగితం మీదికి ఎక్కేలా ఉంది.

"గది పారవోయుండ్రి మేడం. జర ఆగుండ్రి, మంచిది ఇస్త."

మోకు వేసుకుని చెట్టెక్కి, నురుగు పొంగుతున్న లొట్టి దించాడు. ఆకు దొప్పలో పోసి చాచాడు. "ముందుగాల మీరు తాగుండ్రి."

"ఎందుకు కాకా?"

"ఊకెనే."

డ్యూటీ మీద వచ్చిన ఆబ్కారీ మనిషి తాగడని అతని లెక్క. వర్షిత ఒక గుక్క మింగి మొహం వంకర పెట్టింది. ఎల్లం సగం నమ్మి సీసా నింపాడు.

"నా పేరైతే రాయొద్దు."

"రాయ కాకా. చెట్టు నంబరు చాలు."

ఆమె చెట్టు మొదలు దగ్గర వంగి నంబరు చూసింది. పన్ను కోసం ఆబ్కారీ వాళ్లు రంగుతో వేసిన నంబరది. వాళ్ల పుస్తకంలో ఎల్లం పేరు ఉన్నది ఆ నంబరు పక్కనే. అతను నోరు తెరిచేలోపే వర్షిత సీసా మీద రాసేసింది: 418.