నీటిగుర్రం పొట్ట

వీధిలో అందరూ ఆయన్ని కొలతల బాబాయ్ అంటారు. టైలరు. నలభై ఏళ్ళ పైచిలుకుగా అదే కొట్టు, అదే మిషను. ఎవరి నడుము ఎంతో వాళ్ళకి గుర్తుండదు గానీ బాబాయికి గుర్తుంటుంది. దారిలో ఎదురైతే, "రెండంగుళాలు పెరిగావు, చూసుకో" అనేస్తాడు. అందుకే కొందరు ఆయన కనబడితే చాలు, పొట్ట లోపలికి లాక్కుని నడుస్తారు.

అలాంటి మనిషికి అరవై దాటాక మట్టి పిచ్చి పట్టింది. కొట్టు వెనక వీధిలో ఒక మేడమ్ గురువారం గురువారం మధ్యాహ్నం బొమ్మలు చెయ్యడం నేర్పుతుంది. ఏప్రాన్లు కుట్టించుకోవడానికి వచ్చి, "ఊరికే ఓసారి వచ్చి చూడండి" అంది. చూసొస్తానని వెళ్ళినవాడు మోచేతుల దాకా మట్టితో ఇంటికొచ్చాడు.

"ఇంటినిండా గుడ్డపీలికలు చాలవనా, ఇప్పుడు మట్టి కూడా మోసుకొచ్చారు?" అంది భార్య.

"చేతులు కడుక్కునే వచ్చానే."

"చెవి వెనక ఎవరు కడుగుతారు?"

ఆయన చేసేవన్నీ జంతువులే, అదీ తిన్నగా ఉండే జంతువులు కావు. గొడుగు పట్టుకున్న కప్ప. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసమే వెతుక్కుంటున్న ఎలుగుబంటి. వేడినీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని ఉస్సురంటున్న ఒంటె. కళ్ళకి చొక్కా గుండీ అద్దుతాడు, చర్మం ముడతలు మిషను సూదితో గీస్తాడు. చూసినవాళ్ళు నవ్వకుండా ఉండలేరు. ఆ నవ్వు రుచి మరిగాడు బాబాయ్. నలభై ఏళ్ళు చొక్కాలు కుడితే, చంక దగ్గర బిగుతుగా ఉందన్నవాళ్ళే గానీ, చూసి మొహం విప్పారినవాళ్ళు ఎంతమంది?

బొమ్మ ఆరాక కరెంటు బట్టీలో కాల్చాలి. నెలకోసారి అందరివీ కలిపి పెడతారు. అక్కడ ఒకటే చట్టం. లావుగా ఉన్న బొమ్మని లోపల డొల్ల చేసి తీరాలి. మట్టి ఇంకా మెత్తగా ఉండగానే దారంతో రెండుగా కోసి, చెంచాతో లోపలి మట్టి తోడేసి, బురదనీళ్ళు రాసి మళ్ళీ అతికించి, అడుగున సూదితో ఓ కన్నం పెట్టాలి. లేకపోతే లోపల మిగిలిన తడి ఆవిరై బొమ్మ పేలుతుంది. పేలితే తానొక్కటే పోదు, పక్కవాటినీ తీసుకుపోతుంది.

ఆ నెల బాబాయ్ చేసింది మిషను ముందు కూర్చున్న నీటిగుర్రం. మెడలో టేపు, పళ్ళ మధ్య మట్టితోనే చేసిన రెండు గుండుసూదులు, తొడల మీదకి జారిన పొట్ట. ఎవరో చెప్పక్కర్లేదు. ఆ పొట్ట జారుడు కోసం మూడు గురువారాలు వేళ్ళతో నిమిరాడు. తీరా కోసే వేళకి చెయ్యి రాలేదు. వేల గజాల గుడ్డ కోసిన చెయ్యి, మట్టి పొట్ట మీద దారం పెట్టలేకపోయింది. అడుగున సూదితో కన్నం మాత్రం పెట్టాడు.

బట్టీ సర్దుతూ మేడమ్ అడిగింది. "లోపల తోడారు కదా బాబాయ్ గారూ?"

"తోడేశానమ్మా."

ఆవిడ బొమ్మని తిరగేసి, కన్నం చూసి, లోపల పెట్టేసింది. కొలతల మనిషి మాటని ఎవరు కొలిచి చూస్తారు?

పక్కనే ఆయమ్మ కోడిపెట్టని పెట్టారు. ఆయమ్మ పసిపిల్లల బడిలో ఆయా. రోజంతా ముక్కులు తుడిచి, బూట్ల లేసులు కట్టి, గురువారం అరపూట సెలవు అడుక్కుని వస్తుంది. కొత్తవాళ్ళంతా ముందు పళ్ళేలే చెయ్యాలి గనక, ఎన్నాళ్ళో పళ్ళేలు చేసి చేసి చివరికి ఇది చేసుకుంది. పెట్ట రెక్కల కింద ఏడు పిల్లలు, అందులో ఒకటి అలిగి అటు తిరిగి కూర్చుంది. రెండు నెలలు పట్టింది.

శనివారం బట్టీ తెరిచేసరికి పెట్టా లేదు, నీటిగుర్రమూ లేదు. పెంకులు. మేడమ్ కాసేపు ఏరి చూసి, "ఈ రెంట్లో ఏదో పేలింది" అంది. ఆమె చూపు ఆయమ్మ మీదకే పోయింది. "నువ్వు సరిగ్గా తోడావా?"

"తోడాననే అనుకున్నా మేడమ్. మెడ దగ్గర చెంచా పట్టకపోతే వేలితో తీశాను."

"అదే అయుంటుంది. ఇంకో రెండు నెలలు పళ్ళేలు చెయ్యి."

అప్పుడు బాబాయ్ నోరు తెరిచాడు. తెరిచింది నిజం చెబుదామనే. బయటికొచ్చింది మాత్రం వేరే మాట. "పోనీలెండమ్మా, పాపం కావాలని చేసిందా."

అందరూ ఆయన మంచితనానికి తలలూపారు.

సోమవారం ఆయమ్మ కొట్టుకొచ్చింది. చేతిలో అట్టపెట్టె. అందులో నీటిగుర్రం తల, ముక్క ముక్కా అతికించి ఉంది. సగం చెవి లేదు గానీ నోట్లో గుండుసూదులు ఉన్నాయి.

"ముందు మీదే అతికిద్దామని మొదలుపెట్టా బాబాయ్. ఇంతవరకే వచ్చింది." పెట్టె అడుగునున్న పెంకులు చూపించింది. "ఈ లావు ముక్కలు మీ దాంట్లో ఎక్కడా పట్టట్లేదు. నా కోడిపెట్టవే అయుంటాయి. ఇంత మందం ఎలా వదిలేశానో చూడండి."

రెండు వేళ్ళ మందం. వాటి మీద మిషను సూది గీసిన ముడతలు. బాబాయ్ వాటిని చూసి కత్తెర చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు.

"వచ్చే వారం నుంచి రాను," అంది ఆయమ్మ. "నాది పోతే పోయింది. పక్కవాళ్ళవి కూడా పాడుచేసే చెయ్యి నాకెందుకు?"

"కూర్చో ఆయమ్మా" అన్నాడు. ఆమె కూర్చోలేదు, బడిలో పిల్లలు నిద్ర లేచే వేళయింది.

ఆ పూట ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కోశాడు. అన్నం తెచ్చిన భార్య అది చూసి, కారియరు మూత తియ్యకుండా నిలబడింది. అప్పుడు చెప్పాడు, మొదట్నుంచీ.

భార్య తిట్టలేదు. "పోనీలెండమ్మా అన్నారా? ఆ మాట కూడా అన్నారా?" అంది. మెల్లిగా అంది.

సాయంత్రం బడికి వెళ్ళాడు. ఆయమ్మ వెనక వరండాలో చిన్న చిన్న తువ్వాళ్ళు ఆరేస్తోంది. ఈ చివర నిలబడి చెప్పాడు. తోడలేదన్నాడు, పేలింది తనదే అన్నాడు, ఆ లావు ముక్కలు తనవే అన్నాడు. ఆమె తువ్వాళ్ళు ఆపలేదు.

"మేడమ్‌కి చెప్పారా?"

"ముందు నీకు చెబుదామని..."

"నాకు చెవిలో చెప్తే ఏం లాభం బాబాయ్? నన్నన్నది పదిమందిలో."

"గురువారం అందరి ముందూ చెప్తాను. నువ్వూ రా."

"నేనెందుకు? మీ మొహం చూడ్డానికా?" అని ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

గురువారం ఆయమ్మ రాలేదు. బాబాయ్ బల్ల దగ్గర నిలబడే చెప్పాడు. నలుగురూ చేతుల్లో మట్టి పట్టుకుని విన్నారు. బ్యాంకు గుమాస్తా ఒకాయన, "మొదటి కొలతే తప్పారన్నమాట బాబాయ్" అని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోతే దగ్గాడు.

మేడమ్, "కన్నం పెట్టారు కదండీ అడుగున" అంది.

"మీరు చూస్తారని పెట్టానమ్మా."

ఆవిడ గోడవారగా ఉన్న కొత్తవాళ్ళ బల్ల మీద ఒక మట్టిముద్ద పెట్టింది. బాబాయ్ వెళ్ళి పళ్ళెం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రమే ఆవిడ బడికి వెళ్ళి ఆయమ్మతో మాట్లాడి వచ్చిందట.

పై వారం ఆయమ్మ వచ్చింది. అటు చివర కూర్చుంది. మళ్ళీ కోడిపెట్టే మొదలుపెట్టింది. అది పూర్తవడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ బాబాయ్‌తో ఒక్క మాట లేదు. మూడో వారం దారం తీసి పెట్టని రెండుగా కోసి, చెంచాతో శుభ్రంగా తోడి, ఆ రెండు సగాలూ అరచేతుల్లో పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూపించడం మొదలుపెట్టింది. చూపించమని ఎవరూ అడగలేదు. అప్పటికి ఆ గదిలో ఆమెని అనుమానించేవాళ్ళెవరూ లేరు. అయినా ఒక్కరినీ వదలకుండా చూపించింది.

చివరికి గోడవార బల్ల దగ్గరికొచ్చింది. బాబాయ్ తలెత్తలేకపోయాడు.

"చూడండి బాబాయ్."

చూశాడు. గోడలు ఎక్కడ చూసినా ఒకటే మందం, మెడ దగ్గరితో సహా.

"బాగుంది" అన్నాడు. వెంటనే తన పళ్ళెం మీదకి వంగాడు.

ఆమె కదల్లేదు.

"ఇంకోసారి చూసి చెప్పండి," అంది.