పరాయి దేశంలో వాకిలి ఊడ్చిన రెండు రోజులు

కాశీబుగ్గలో సెల్ ఫోన్లు అప్పుడప్పుడే నలుగురి చేతుల్లో కనిపిస్తున్న రోజులవి. నేనూ మా వదినా ఆఫ్రికాలో టాంజానియా అనే దేశానికి వెళ్ళాం. ఇద్దరమూ పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ళం. నేను మూడో తరగతి దాకా చదివాను, వదినకు అదీ లేదు. ఆ దేశంలో జీడితోటలు బోలెడున్నాయి గానీ, పప్పు విరగకుండా పిక్క కొట్టడం అక్కడి ఆడవాళ్ళకు రాదనీ, నేర్పడానికి చేయి తిరిగినవాళ్ళు కావాలనీ ఒక సంస్థవాళ్ళు మా ఫ్యాక్టరీకి వచ్చి అడిగారు. అలా వెళ్ళినవాళ్ళను వాలంటీర్లు అంటారట. ముందు ఒక నెల మాకు అక్కడే శిక్షణ, తరవాత నేర్పడానికి ఊళ్ళ మీదికి. వాలంటీరంటే ఏమిటని అడిగితే, జీతం తీసుకోకుండా పని చేసేవాళ్ళని చెప్పారు. ఆ మాట ఒక్కటీ నా బుర్రలో గట్టిగా కూర్చుంది.

విమానం దిగి, మళ్ళీ బస్సెక్కి, పగలంతా పోతే సాయంత్రానికి శిక్షణ ఇచ్చే చోటికి చేరాం. చుట్టూ కొబ్బరి, జీడిమామిడి, ఎర్రటి ఇసక. ఎక్కడో సముద్రం హోరు. వదిన సంచి కింద పెట్టి నాలుగు పక్కలా చూసింది.

"ఓలమ్మీ, ఇమానం ఎక్కించి గాల్లో తిప్పి తిప్పి మల్లీ మన పక్క సోంపేటలోనే దించీసినారేటే?"

మాకు తోడుగా వచ్చిన విశాఖ అమ్మాయి పడీ పడీ నవ్వింది. అక్కడివాళ్ళ మాట మాకూ, మా మాట వాళ్ళకూ చెప్పడం ఆ అమ్మాయి పని.

మర్నాడు తెల్లారగానే మెలకువ వచ్చింది. పని లేని పొద్దు నేనెరగను. తలుపు తీసి చూస్తే వాకిలి నిండా జీడాకు రాలి ఉంది. వంటగది వెనక చీపురు దొరికింది. గేటు దాకా ఊడ్చాను, నీళ్ళు చల్లాను, ముందు రోజు గిన్నెలు తోమి బోర్లించాను. వరిపిండి ఎక్కడుంటుందో తెలియక, పొయ్యిలో బూడిద తీసి గుమ్మం ముందు నాలుగు గీతల ముగ్గు కూడా పెట్టాను.

వదిన కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడింది. "ఏటే అమ్మీ, కొత్తగా అత్తోరింటికి గాని వొచ్చినావా? ముగ్గులేత్తన్నావు."

"ఊరికే తిని కూకోమంటావేటి? జీతం నేకుండా పని సెయ్యడానికే గదా వొచ్చినాం."

కాసేపటికి ఒకావిడ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. నా ఈడుదే. నడుముకు ఒక పూల గుడ్డ, తలకు ఇంకొకటి. వాకిలి చూసింది, ముగ్గు చూసింది, నన్ను చూసి నవ్వింది. ఊడ్చే మనిషి కాబోలు, పాపం పని తగ్గించానని నేను లోలోపల మురిసిపోయాను.

రెండో రోజు ఇంకా ముందే లేచి పెరటి వైపు కూడా ఊడ్చేశాను. ఆవిడ వచ్చింది గానీ నవ్వలేదు. ఒట్టి చేతులతో గోడవార కూర్చుని, మధ్యాహ్నం దాకా ఉండి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర విశాఖ అమ్మాయి నా పక్కకు వచ్చి కూర్చుంది. "పిన్నీ, ఆవిడ రేపట్నుంచి రాదంట."

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉంది. వాకిలీ గిన్నెలూ మీరే చేసేస్తున్నారు కదా, ఇంక ఆవిడ ఎందుకని ఇక్కడి మేనేజరు అన్నాడంట. ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. అందరూ ఆవిడ కూలి మీదే."

"సూసినావా, నీ ముగ్గు ఎంత పని సేసిందో," అంది వదిన. అన్నదే గానీ తనూ ముద్ద కంచంలోనే వదిలేసింది.

పలాసలో ఉండగా ఒకసారి నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. ఐదో రోజు వెళితే నా పీట మీద ఇంకో మనిషి కూర్చుని పిక్కలు కొడుతోంది. నన్ను ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. గుమ్మంలో నిలబడి నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది పడిన దాన్ని, ఇంత దూరం వచ్చి ఇంకొకరికి అదే చేశాను.

కంచం కడిగి, విశాఖ అమ్మాయిని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. వదినా మా వెనకే వచ్చింది. ఆయన మంచివాడే. లేచి నిలబడి, మీరు ఎంత శుభ్రమైన మనుషులో అని మెచ్చుకున్నాడు.

"నాను నెల్లాళ్ళకి ఎల్లిపోతాను బాబూ. ఆ తరవాత మీ వాకిలి ఎవులు తుడుత్తారు?"

విశాఖ అమ్మాయి అది చెప్పింది. ఆయన నవ్వి ఏదో అన్నాడు. "అప్పటికి వేరే వాలంటీర్లు వస్తారంట పిన్నీ."

నాకు ఒళ్ళు మండింది గానీ గొంతు పెంచలేదు. "ఆడోళ్ళకి పని నేర్పమని కదా నన్ను తెచ్చినారు. ఉన్న పని తీసీడానికి కాదు గదా. ఆవిడ్ని రానియ్యకపోతే నాకు టికెట్టు తీయించీండి. మా ఊరెల్లిపోతాను."

"రెండు టికెట్లు," అంది వదిన.

ఇంత దూరం పిలిపించుకున్న మనుషులు మూడో రోజే తిరిగిపోతే పైవాళ్ళకు ఏమని చెప్పుకుంటాడు! చాలాసేపు కలం అటూ ఇటూ తిప్పి, సరే, కబురు పంపిస్తానన్నాడు. పంపిస్తాడో లేదో, పంపినా ఆవిడ వస్తుందో రాదో మాకు తెలియదు.

మూడో రోజు పొద్దున లేచి మెట్టు మీద కూర్చున్నాను. వాకిలి నిండా ఆకు. చేతులు జిలపెడుతున్నాయి. ఒకసారి లేవబోతే వదిన నా కొంగు పట్టుకుని లాగింది. "కూకో. లేత్తే సూడు మరి."

ఎండ మెట్టు దాకా వచ్చింది. ఇంక రాదనే అనుకున్నాం. అప్పుడు గేటు చప్పుడైంది. ఆవిడ మా వైపు చూడకుండా వంటగది వెనక్కి వెళ్ళి చీపురు తెచ్చుకుంది. గేటు దగ్గర మొదలుపెట్టి, తొందర లేకుండా, ఆకు కుప్పలు పెడుతూ ఊడ్చుకుంటూ వచ్చింది. మెట్టు దగ్గరకు వచ్చి ఆగింది. చీపురు కొసతో నా కాళ్ళ మీద రెండుసార్లు తట్టింది, తియ్యమన్నట్టు.

నేను రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కింద ఊడ్చుకుని పోయింది.