కింద పడ్డ రింగు

మేడ్చల్‌లో మా షెడ్డులో నికెల్, ఇనుము కలిసిన రింగులు తయారయ్యేవి. షాక్ కొట్టగానే కరెంటు ఆపే ట్రిప్పర్ లోపల ఉండేవి అవే. కాస్త కరెంటు లీకయినా పసిగట్టే గుణం వాటికి ఫర్నేసులో కాల్చాకే వచ్చేది. ఒక్కసారి కింద పడితే ఆ గుణం పోయేది, చూపులకు తేడా తెలిసేది కాదు. అందుకే మా ఫర్నేసు మేస్త్రి పడ్డ రింగును వెంటనే సుత్తితో వంచేసేవాడు. "వంచకుంటే ఎవడో ఒకడు మల్ల ట్రేల పెడ్తడు" అనేవాడు.

ఆ ఎవడో నేనే అయ్యాను. ఆయన చాయ్‌కి వెళ్లినప్పుడు, ప్యాకింగ్ బల్ల దగ్గర ఒక రింగు నా చేతిలోంచి జారింది. తుడిచి వరసలో పెట్టేశాను. సరుకు వెళ్లిపోయిన మూడోరోజు ఆయనతో చెప్పాను. తిట్టలేదు. "ఎన్ని?" అని మాత్రం అడిగాడు.

"ఒకటే."

అప్పట్నుంచి పేపర్లో షాక్‌తో ఎవరైనా చనిపోయారని ఉంటే నా దగ్గర కూర్చుని మొత్తం చదివేవాడు. చివర్న, "గా ఇంట్ల ట్రిప్పరే లేదట. మనది గాదు తియ్" అనేవాడు.

గాజులరామారంలో బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి ఒకామె పోయింది. ఇంట్లో ట్రిప్పర్ ఉన్నా కరెంటు ఆగలేదని పేపర్లో రాశారు. ఆ రోజు ఆయన పేపరు మడిచి, సుత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.