చెన్నూరు నుంచి వచ్చిన ప్యాచ్

కరీంనగర్‌ల మా ఇంటి మీది అర్రల కూసోని ఒక కంపెనీ కోసం నేను కెర్నెల్ పని చేస్త. ఆపరేటింగ్ సిస్టంల అన్నిటికంటే లోపలి భాగం అది. దాంట్ల తప్పు దొరికితే ఎవరైనా సవరణ రాసి పంపొచ్చు. దాన్నే ప్యాచ్ అంటం. వచ్చినవి చదివి జవాబు రాసుడు నా పని.

ఒకసారి చెన్నూరు నుంచి ఒక ప్యాచ్ వచ్చింది. పంపినామె అక్కడి కాలేజీల కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడం. పెద్ద సర్వర్లల ప్రాసెసర్లు, మెమరీ గుంపులుగ ఉంటయి. ఒక్కో గుంపు ఒక నోడ్. ఏ నోడ్‌ల ప్రాసెసర్లు నడుస్తున్నయో కెర్నెల్ గుర్తు పెట్టుకోవాలె. నోడ్‌ల ఆఖరి ప్రాసెసర్‌ను బంద్ చేసినా ఆ గుర్తు పోతలేదని ఆమె రాసింది. కాలేజీల మూలకు పడ్డ పాత సర్వర్ మీద పరీక్ష చేసిందట.

పాత సర్వర్ అన్న మాట దగ్గర్నే నేను చదువుడు ఆపిన. "మీ మిషన్‌లనే లోపం ఉన్నట్టుంది" అని అందరు చూసే మెయిలింగ్ లిస్టుల జవాబు పెట్టిన. ఆమె ఇంకో రెండుసార్లు వివరంగ, మర్యాదగ రాసింది. నేను పట్టించుకోలే.

ఏడాది దాటినంక మా కంపెనీ సర్వర్ల మీదనే గడబిడ మొదలైంది. ప్రాసెసర్లు లేని నోడ్‌కు కెర్నెల్ పని పంపుతున్నది, పని అక్కడ్నే ఆగుతున్నది. వారం పరేషానై వెతికితే తప్పు దొరికింది. నాలుగు లైన్ల సవరణ. రాసినంక అనుమానమొచ్చి ఆమె మెయిల్ తీసి చూసిన. అవే నాలుగు లైన్లు.

మర్నాడు బస్సెక్కి చెన్నూరు పోయిన. స్టాఫ్ రూంల ఆమె పేపర్లు దిద్దుతున్నది. నేనెవరో చెప్తే కుర్చీ చూపెట్టింది.

"తప్పు నాది మేడం. మీ ప్యాచ్‌నే మీ పేరు మీద ఎక్కిస్త" అన్న.

"ఎక్కియ్యండి సార్. పని సరిగ్గ నడవాలె గద" అన్నది. పేపర్లు పక్కకు పెట్టి, "అప్పుడు దాన్ని క్లాసుల చూపెట్టిన. మనం ఈడ కూసోని కెర్నెల్ సరిజేయొచ్చని పిల్లలకు చెప్పిన. మీ జవాబు గూడ వాళ్లు చదివిండ్రు. తర్వాత ఒక్కరు గూడ దాని జోలికి పోలే" అన్నది.

ఆమె గొంతుల కోపం లేదు. ఉంటే నాకే నయముండు.

"వాళ్ల నంబర్లియ్యండి, నేనే మాట్లాడుత" అన్న.

"ఆ బ్యాచ్ పోయింది సార్. ఎవరు యాడున్నరో నాకూ తెల్వది."

చాయ్ తెప్పించింది. తాగి నేను మళ్ల బస్సెక్కిన. సవరణ ఆమె పేరు మీదనే కెర్నెల్‌ల చేరింది. ఆమె మళ్ల ఇంకోటి పంపలే.