మొత్తంగారి ఆదివారాలు

మామగారికి ‘కొంచెం’ అనే మాట గిట్టదు. ఏ పనైనా మొదటినుంచి చివరిదాకా మొత్తం చెయ్యాల్సిందే. నిన్న సగం చదివి ఆపిన పుస్తకాన్ని ఇవాళ మళ్ళీ మొదటి పేజీ నుంచి అందుకుంటారు. మందుల షాపువాడు "ఏం బాధండీ?" అని అడిగిన పాపానికి, ఆయనకు ఆరో ఏట వచ్చిన గవదబిళ్ళల దగ్గర్నుంచి వినాల్సివచ్చింది. వీధిలో అందరూ ఆయన్ని చాటుగా ‘మొత్తంగారు’ అంటారు.

ముప్పైరెండేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఒక్క అక్షరం మార్చినా పేజీ అంతా మళ్ళీ చదవడం అక్కడి పద్ధతి. ఒక పంక్తి సర్దేటప్పుడు పక్క పంక్తి చెడిందేమో ఎవరికి తెలుసు? ఆయన రిటైరయ్యారు గానీ పద్ధతి రిటైరవలేదు. వచ్చి ఇంట్లో కంప్యూటరు మీద పడింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే కంప్యూటర్లో ఉన్నదంతా బయటి డిస్కులోకి ఎక్కిస్తారు. తొమ్మిది గంటలు. అంతసేపూ ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. డిస్కులు రెండు. వారానికొకటి చొప్పున, పాతది చెరిపి మళ్ళీ మొత్తం.

ఆ కంప్యూటరు మీదే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే కోడలికి ఆదివారమంటే ఒళ్ళు మండేది.

"మామయ్యా, పోయిన వారం నుంచి మారినవి మాత్రం తీసుకుంటే చాలు. పది నిమిషాల పని."

"మిగతావి మారలేదని ఎవరు చెప్పారమ్మా?"

"కంప్యూటరే చెబుతుంది."

"ముద్దాయినే సాక్ష్యం చెప్పమంటావా? సరే, ఈ వారం ముక్క, పోయిన వారం ముక్క, ఆ ముందుది, అన్నీ అతికితేగానీ బొమ్మ రాదు. మధ్యలో ఒకటి చెడితే?"

"చెడదు."

"అచ్చు అక్షరాలు పేర్చే మా కంపోజిటరూ ఇదే అనేవాడు."

ఆయనతో వాదించే కన్నా గోడకు చెప్పుకోవడం మేలు. కోడలు తన బొమ్మల కోసం ఒక చిన్న డిస్కు కొనుక్కుంది. మారినవి మాత్రం రోజూ దానంతట అవే కాపీ అవుతాయి, చోటు నిండితే పాతవి అదే చెరిపేస్తుంది. ప్రాణం హాయిగా ఉంది.

ఆ ఏడాది ఆమె తన సొంత పుస్తకం మొదలుపెట్టింది. దారి తప్పిన తాబేలు కథ. మాటలూ తనవే, బొమ్మలూ తనవే. ఎనిమిది నెలల్లో నలభై ఒక్క బొమ్మలు వేసి, నమూనాకు నాలుగు పంపింది. "ఇలాంటివి నడవవండీ" అని ప్రచురణకర్త తేల్చేశారు. ఆ సాయంత్రమే ఆమె బొమ్మలన్నిటినీ కంప్యూటర్లోంచి తీసి పారేసింది. ఎవరికీ చెప్పలేదు. అడిగితే తలనొప్పంది.

నాలుగు నెలల తరవాత, ఒక శనివారం, అదే ప్రచురణకర్త ఫోను చేశారు. "ఆ తాబేలు నన్ను వదలడం లేదండీ. మిగతావి సోమవారానికి పంపగలరా?"

పంపుతానని చెప్పేసి, ఆమె తన చిన్న డిస్కు తెరిచి వెతికింది. అందులో ఆ నెలల ఆనవాలే లేదు, చోటు కోసం ఎప్పుడో చెరిపేసుకుంది. మామగారి డిస్కుల మీద అప్పట్నుంచి పదహారు ఆదివారాలు తిరగరాశారు. ఎనిమిది నెలల కష్టాన్ని తన చేత్తోనే మట్టిపాలు చేసుకున్నానని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

చివరికి మామగారితో చెప్పింది. ఆయన వెళ్ళి అలమరలోంచి ఒక డిస్కు తెచ్చారు. దానిమీద గుండ్రటి అక్షరాలతో, ‘తాబేలు. దీనిపై రాయరాదు.’

"మీకున్నవి రెండేగా మామయ్యా?"

"మూడోది కొన్నాను. ఆ ఆదివారం ఎక్కించాక ఫైళ్ళ లెక్క తగ్గింది. ఏం తగ్గాయా అని అంతకుముందు వారం డిస్కుతో పోల్చి చూసి, దాన్ని పక్కన పెట్టేశాను."

"మరి నన్నొక్క మాట అడగలేదేం?"

"తలనొప్పన్నావుగా."

తొమ్మిది గంటలు పట్టి లోపలికి వెళ్ళిన తాబేలు రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. నలభై ఒక్క బొమ్మలూ ఉన్నాయి.

"తగ్గినవి నా తాబేలు బొమ్మలని ఎలా పోల్చుకున్నారు మామయ్యా?"

"కాపీ సరిగ్గా అయిందో లేదో తెరిచి చూడొద్దూ? వారం వారం అన్నీ చూసేవాణ్ణి. ఆదివారం ఎప్పుడొస్తుందా, కథ ఎంతదాకా వచ్చిందా అని ఉండేది." తెర మీదికి వంగి ఒక బొమ్మ చూపించారు. "ఇరవయ్యారో బొమ్మలో తాబేలుకు మూడే కాళ్ళున్నాయమ్మా. పంపేముందు చూసుకో."

కోడలు లెక్కపెట్టింది. నిజమే, మూడే. కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగో కాలు వేసింది.