క్లెమ్ ఖాళీగా వదిలిన ఎనిమిది గడులు

సోమవారం ఉదయం 6.40కి ట్రక్కు మమ్మల్ని ఆ ఊరి ఫుటీ, అంటే ఫుట్‌బాల్, క్లబ్బు ముందు దింపింది. వాన పడుతోంది. ఆస్ట్రేలియాలో, ఉత్తర విక్టోరియాలో నది ఒడ్డున చిన్న ఊరది. నేలంతా బల్లపరుపు. ఎక్కడా గుట్ట లేదు. అక్కడ వరద పరుగెత్తదు, పాకుతూ వస్తుంది. మేం పదకొండు మందిమి, అందరం ఆర్మీ రిజర్వ్‌లో, అంటే పార్ట్‌టైం సైన్యంలో, బ్యాండువాళ్ళం. వీపున పద్దెనిమిది కిలోల మూట, చేతిలో పార. వాయిద్యాలు ట్రక్కు వెనక భాగంలో టార్పాలిన్ కింద ఉన్నాయి.

మన చర్చిలో ఇప్పటికీ అడుగుతుంటారు, ఆర్మీలో ఏం యుద్ధం చేశావు బాబూ అని. శిక్షణలో తప్ప నేను తుపాకీ పేల్చలేదు. నేను చేసిన పెద్ద డ్యూటీ ఇదే. పన్నెండు రోజులు, ఇసుక బస్తాలు, ఒక పాట. అప్పుడు నేను యూనివర్సిటీలో సంగీతం రెండో ఏడాది చదువుతున్నాను. మా ఇల్లు మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో. ట్రంపెట్ వాయించనిస్తారని రిజర్వ్‌లో చేరాను, పార కూడా ఇస్తారని ఎవరూ చెప్పలేదు.

సార్జెంటు ట్రాంబోన్ వాయిస్తాడు. ఆయన ఆర్డర్లు మూడు ముక్కల్లో అయిపోయాయి. గట్టు ఎత్తు పెంచాలి. శనివారం వరద పోటు దాటేదాకా దాన్ని నిలబెట్టాలి. నిలిస్తే అదే రోజు మధ్యాహ్నం మూడింటికి, ఇళ్ళు వదిలి క్లబ్బు హాల్లో తలదాచుకున్నవాళ్ళకు కచేరీ చెయ్యాలి.

ఉదయం ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా బస్తాలు నింపేవాళ్ళం. బస్తాలో మూడింట రెండు వంతులే ఇసుక పోయాలి. నిండా పోస్తే గట్టులో సర్దుకోదు. మొదటి రోజు ఉత్సాహం కొద్దీ నేను నిండా పోశాను. వాటన్నిటినీ సార్జెంటు నా చేతే విప్పించాడు.

పెదవి మొద్దుబారకుండా మంగళవారం భోజనం వేళ హాలు వరండాలో ట్రంపెట్ లేకుండా ఉత్త మౌత్‌పీస్ ఊదుకుంటున్నాను. వెనక నుంచి ఒక గొంతు, బుగ్గలు ఉబ్బించకు అంది. చక్రాల కుర్చీలో ఒక ముసలాయన. పేరు క్లెమ్. తొంభై ఒకటి దాటాయి. పడవలో హాలుకు తీసుకొచ్చినప్పుడు, బట్టలు వదిలేసి ఒక్క పెట్టె మాత్రం తెచ్చుకున్నాడట. దాని నిండా సంగీతం కాగితాలే. చొక్కా జేబుకు బొత్తాం పెట్టుంది. లోపల తన పాత మౌత్‌పీస్. నేను అలవాటుగా అంకుల్ అన్నాను. తొంభై ఏళ్ళవాడు నీకు అంకులేమిటని సార్జెంటు తర్వాత రోజంతా ఏడిపించాడు. క్లెమ్‌కు మాత్రం ఆ పిలుపు నచ్చింది.

నాలుగు రోజులు భోజనం వేళల్లో ఆయన కథ విన్నాను. పదిహేడో ఏట మెల్‌బోర్న్ డాన్సు హాల్లో మూడో ట్రంపెట్. పంతొమ్మిదికి మొదటి ట్రంపెట్. వారానికి ఆరు సాయంత్రాలు స్వింగ్ అనే డాన్సు సంగీతం వాయించేవాళ్ళు, వందల జంటలు ఆడేవి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆర్మీ ఆయన్ని వినోదం దళంలో వేసి న్యూగినీ పంపింది. ట్రక్కు మీద నిలబడి, వానలో, బూజు పట్టిన ట్రంపెట్‌తో వాయించేవాడు. మర్నాడు అడవిలోకి వెళ్ళే సైనికులు పాటలు అడిగేవాళ్ళు. వాళ్ళ ముఖాలు మర్చిపోయాడు, ఎవరు ఏ పాట అడిగారో మాత్రం గుర్తుంది. తిరిగొచ్చాక కొన్నేళ్ళు బాగానే సాగింది. తర్వాత కుర్రకారుకు వేరే సంగీతం కావాల్సొచ్చింది. పదిహేను మంది బ్యాండు ఎనిమిదయింది, నాలుగయింది, చివరికి హాలు గోడౌను అయింది. క్లెమ్ ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్ళు పాల ట్యాంకర్ నడిపాడు. గురువారాలు బడిపిల్లలకు ట్రంపెట్ నేర్పాడు. కట్టుడు పళ్ళు వచ్చాక వాయించడం ఆగిపోయింది.

ఆ పెట్టెలో ఆయన సొంత పాట ఒకటి ఉంది. భార్య కోసం కట్టింది. రికార్డు కాలేదు. బ్యాండు చెదిరాక ఎవరూ వాయించలేదు. ఇప్పుడు ఆయన గుండె బాగాలేదు. రోడ్డు తెరుచుకోగానే, శనివారం నాలుగింటికి, అంబులెన్సులో మెల్‌బోర్న్ ఆసుపత్రికి తీసుకెళ్తారు. తిరిగి రావడం గురించి హాల్లో ఆయన్ని చూసుకునే నర్సు ఏమీ మాట్లాడలేదు. పోయేలోగా ఆ పాట ఒక్కసారి వినాలని క్లెమ్ అడిగాడు. సార్జెంటు వెంటనే ఒప్పుకున్నాడు. మొదటి ట్రంపెట్ కాగితం నా చేతికొచ్చింది.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు రిహార్సల్ పెట్టుకున్నాం. పసుపు పచ్చబడిన కాగితం మీద చేతిరాత. నిలువు గీతల మధ్య ఒక్కో గడిలో స్వరాలు. రెండో పేజీలో వరసగా ఎనిమిది గడుల్లో ఏమీ లేదు. పైన చిన్న అక్షరాలేవో ఉంటే, పియానో వాడికి గుర్తులనుకున్నాను. ఆర్మీలో రాసింది వాయిస్తాం, రాయనిచోట ఊరుకుంటాం. నేను ట్రంపెట్ దించి, అటెన్షన్‌లో నిలబడి, ఎనిమిది గడులూ లెక్కపెట్టాను. వెనక డ్రమ్ములూ పియానో మాత్రం నడుస్తున్నాయి. బాగా లెక్కపెట్టానని లోపల కాస్త గర్వం కూడా.

పాట అయ్యాక క్లెమ్ నన్నే చూస్తున్నాడు.

"ఎక్కడికి పోయావు?"

"అక్కడ ఏమీ రాసి లేదు అంకుల్. ఖాళీ అనుకున్నాను."

సార్జెంటు చేత్తో ముఖం కప్పుకున్నాడు. క్లెమ్ నవ్వలేదు. అది ఆయన సోలో, ఒక్కడే అప్పటికప్పుడు కల్పించుకుని వాయించే జాగా. రోజుకో రకంగా వాయించేవాడు కాబట్టి ఎప్పుడూ రాసుకోలేదు. సిగ్గుతో నాకు చెవులు కాలాయి. ఏం వాయించేవారో కాస్త పాడి చూపించండి, నేర్చుకుంటాను అని అడిగాను.

"నాది నాతో అయిపోయింది," అన్నాడు. "నీ దగ్గరేముందో అది వినిపించు."

నా దగ్గర ఏమీ లేదనిపించింది. ఆరున్నరకు ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న తెనాలి దగ్గర చర్చి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. నాకు మొదట నేర్పింది ఆయనే. రిజర్వ్ ఆడిషన్‌లో స్వరాలకు నేను నాన్నలా తిప్పే మెలికలు విని, అవి మానుకోమన్నారు. మానేశాను. పైగా ఇంటికొచ్చి, నువ్వు నేర్పిందంతా తప్పని నాన్నతో అన్నాను. ఇప్పుడు ఆయన సంగతంతా విని నింపాదిగా మాట్లాడాడు.

"ఒరేయ్, మన బ్యాండులో పేపర్ చూసి ఊదినోడు ఎవడున్నాడ్రా? సమాధుల తోట దాకా నడుస్తా ఊదేవోళ్ళం. చరణం అయినాక పాడేవాళ్ళు ఊపిరి తీసుకుంటారు గదా, ఆ గ్యాప్‌లో నేనేం ఊదేవాణ్ణో నీకు తెలీదా? నా పక్కనే నడిచావు గదా చిన్నప్పుడు. అదే ఊదు. రైటో రాంగో ఆ పెద్దాయనే చెప్తాడు."

శనివారం 2.10కి, వాయిద్యాలు సర్దుతుంటే, సిగ్నలర్ చేతిలో రేడియో పలికింది. "మూడో నంబరు గుర్తు దగ్గర గట్టులోంచి నీరు ఊరుతోంది. అందరూ రండి. ఓవర్." పరుగెత్తాం. మోకాలిలోతు బురదలో చెయ్యీ చెయ్యీ అందుకుంటూ బస్తాలు వేశాం. నేను మాటిమాటికీ గడియారం చూస్తున్నాను. ఊరు మునుగుతుందేమో అనే భయం కన్నా నాలుగవుతుందనే భయం ఎక్కువైంది. ఈ మాట అప్పుడు సార్జెంటుకు చెప్పలేదు. 3.35కి ఊట ఆగింది.

హాలుకొచ్చేసరికి 3.48. అంబులెన్సు అప్పటికే వాకిట్లో ఉంది. క్లెమ్‌ను కుర్చీలో తలుపు దాకా తెచ్చారు. సార్జెంటు నర్సుతో ఏదో చెప్పాడు, ఆమె ఐదు నిమిషాలు అంది. బూట్లు విప్పలేదు, బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుని మొదలుపెట్టాం.

క్లెమ్ ఒళ్ళో బూడిద రంగు దుప్పటి ఉంది. దాని మీద ఆయన కుడిచేతి మూడు వేళ్ళూ మొదటి స్వరం నుంచీ నాతో పాటు కదులుతున్నాయి. మీటలు నొక్కినట్టే, ఒక్కటీ తప్పకుండా. ఎనిమిది గడులు వచ్చాయి. నేను కళ్ళు మూసుకోలేదు. తెనాలి దగ్గర మట్టిరోడ్డు, నాన్న తెల్ల యూనిఫాం, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే ఆ కాస్త జాగా. అక్కడ నాన్న తిప్పే మెలిక తిప్పాను. స్వింగ్ నడకకు అది కాస్త ఆలస్యంగా అందింది. ఆ ఆలస్యమే దానికి సరిపోయింది. చివరి రెండు గడుల్లో ఏం వాయించానో నాకిప్పటికీ తెలియదు.

పాట అయ్యాక క్లెమ్ నన్ను దగ్గరికి పిలిచాడు. "ఎవరు నేర్పారు?" మా నాన్న అన్నాను. "ఆయనకు థాంక్స్ చెప్పు," అన్నాడు. 4.02కి అంబులెన్సు కదిలింది.

గట్టు నిలిచింది. ఆ తర్వాతి శుక్రవారం ట్రక్కు దిగి ట్రుగనీనా వెళ్ళాను. వంటింట్లో నాన్న అన్నం కలుపుకుంటున్నాడు. క్లెమ్ చెప్పమన్న మాట చెప్పాను. నువ్వు నేర్పింది తప్పని అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను. ఆయన కలిపిన ముద్ద నా చేతిలో పెట్టాడు. నెల తిరక్కుండానే క్లెమ్ పోయాడని నర్సు ఫోన్ చేసింది. ఇద్దరు పెద్దవాళ్ళు నా చేతిలో పెట్టినదాంతోనే ఇన్నేళ్ళూ వాయిస్తున్నాను. ఆ ఇద్దరికీ రుణపడి ఉన్నాను.

బస్తాలు, వాన చాలావరకు మరుగున పడ్డాయి. ఒక్కటే పోదు. ఆ ఎనిమిది గడులూ మొదలయ్యేచోట దుప్పటి మీద క్లెమ్ వేళ్ళు ఆగాయి. చెయ్యి వెల్లకిలా తిప్పి, వేళ్ళు విప్పి, ఎనిమిది గడులూ అలాగే ఉంచాడు. తొమ్మిదో గడి రాగానే చెయ్యి బోర్లా తిప్పి, మళ్ళీ నాతో కలిశాడు.